వెండి నానో కణాలకు ఏది మేలు: సిట్రేటా, గామా కిరణాలా, ఎలక్ట్రాన్ పుంజమా?

బంగారం కణాలే కావాలంటే పెద్ద ఆలోచన అక్కర్లేదు. 1951లో టర్కెవిచ్ అనే రసాయన శాస్త్రవేత్త చూపిన దారి ఉంది. మరుగుతున్న బంగారు లవణ ద్రావణంలో సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) పోస్తే కాసేపటికి ఎర్రబడుతుంది, దాదాపు 20 నానోమీటర్ల కణాలు వస్తాయి. దానికి రేడియేషన్ దండగ.

వెండితోనే చిక్కు. సిట్రేట్ వాడితే చిన్నవీ పెద్దవీ, గుండ్రనివీ కడ్డీల్లాంటివీ కలగాపులగంగా తయారవుతాయి. అదే పని చేసే మరో రసాయనం బోరోహైడ్రైడ్ చిన్న కణాలనే ఇస్తుంది గానీ, దాని బోరేట్ మిగులు ద్రావణంలోనే ఉండిపోతుంది.

రేడియేషన్‌లో పనంతా నీళ్ళదే. రేడియోధార్మిక కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు నీటిని విడగొడితే ఎలక్ట్రాన్లు పుడతాయి. ఒంటరి వెండి అయాన్‌ను ఒంటరి పరమాణువుగా మార్చడం చాలా కష్టం, దాని పొటెన్షియల్ −1.8 వోల్టులు (ఇది ఎంత రుణాత్మకమైతే, ఎలక్ట్రాన్ ఇచ్చేదానికి అంత బలం ఉండాలి). నీటిలోని ఎలక్ట్రాన్‌ది సుమారు −2.9, కాబట్టి అది అవలీలగా చేసేస్తుంది, అదీ ద్రావణమంతటా. ఆ పరమాణువులు అయాన్లతో జతకట్టి గుంపులవుతాయి, ద్రావణం పసుపెక్కుతుంది. కాకపోతే అదే నీటిలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (నీటి అణువు విరిగి పుట్టే చురుకైన ముక్క) వెండిని మళ్ళీ అయాన్ చేసేస్తుంది. దాన్ని ఆపడానికి ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ కలుపుతారు, నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేస్తారు. పీవీపీ లాంటి పాలిమర్ ఉంటే కణాలు ఒకదానికొకటి అతుక్కోవు.

మరి గామానా, ఎలక్ట్రాన్ పుంజమా? తేడా అంతా డోస్ రేట్‌లో, అంటే రేడియేషన్ ఎంత వేగంగా అందుతుందనే దాంట్లో ఉంది. 1 మిల్లీమోలార్ వెండికి 2 కిలోగ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోస్‌కు కొలమానం) లోపే చాలు. గామా చాంబర్‌లో అది నింపాదిగా అందుతుంది, ఎలక్ట్రాన్ పుంజాన్నిచ్చే యాక్సిలరేటర్‌లో సెకన్లలో ముగుస్తుంది. నెమ్మదిగా ఇస్తే కొద్ది బీజాలే (కణాలు పెరగడం మొదలయ్యే తొలి గుంపులు) పుడతాయి, తర్వాత వచ్చే వెండి వాటి మీదే పేరుకుంటుంది, కణాలు లావెక్కుతాయి. ఒక్కసారిగా ఇస్తే బీజాలు లెక్కకు మించి పుట్టి, కణాలు సన్నగా ఉండిపోతాయి. చిన్నవే కావాలంటే నా ఓటు ఎలక్ట్రాన్ పుంజానికే.

లోపల బంగారం, పైన వెండి తొడుగు కావాలంటే మాత్రం గామానే నయం. రెండు లోహాల లవణాలూ ఉన్న ద్రావణంలో పని నెమ్మదిగా సాగితే, పుట్టిన వెండి పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను బంగారు అయాన్‌కు ఇచ్చేసి తప్పుకుంటుంది, బంగారం ముందు కణమవుతుంది. పుంజం అంత వ్యవధి ఇవ్వదు, రెండూ కలిసి మిశ్రమ లోహమవుతాయి.

గామా ఎంచుకుంటే ఒక జాగ్రత్త. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్ళు, అంటే డోస్ రేట్ ఏడాదికి 12 శాతం దాకా పడిపోతుంది. నిరుటి టైమింగ్‌తోనే ఇప్పుడూ నమూనా పెడితే కొంత వెండి అయాన్‌గానే మిగిలిపోవచ్చు.