ఎడిటోరియలా, తేలిక కథల పుస్తకమా? డిగ్రీ పిల్లలకు ఏది మేలు?

గుంటూరులోనో బెజవాడలోనో డిగ్రీ చదివే పిల్లల్ని ఇంగ్లీష్ చదవడం అవసరమా అని అడగండి. కాదనేవాళ్లు కనపడరు. మరి పోయిన వారం ఏం చదివారంటే మాత్రం ఓ నవ్వు నవ్వి ఊరుకుంటారు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీష్ మీడియంలోకి మారాయి. అయినా చాలామందికి చదవడమంటే పరీక్ష ముందు గైడు, జిరాక్స్ నోట్సు, అంతే. గైడును ఈ పోలికలోకి తేవడం లేదు. అది పాస్ చేయిస్తుంది గానీ చదవడం నేర్పదు.

లెక్చరర్లూ, కోచింగ్ సెంటర్ల వాళ్లూ, ఇంట్లో బాబాయిలూ అందరూ చెప్పే సలహా ఒకటే: "రోజూ హిందూ పేపర్ ఎడిటోరియల్ చదవరా, ఇంగ్లీష్ అదే వస్తుంది." రెండో దారి ఇంకోటి ఉంది, తన స్థాయికి తగ్గ తేలిక కథల పుస్తకాలు వరసపెట్టి చదవడం. నా ఓటు దానికే.

ఎడిటోరియల్‌లో మంచి లేదని కాదు. ఖర్చు తక్కువ, లైబ్రరీకి వెళ్తే అదీ ఉండదు. బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో తయారయ్యేవాళ్లకు విషయం, భాష రెండూ ఒకేచోట దొరుకుతాయి. కానీ ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన కుర్రాడి చేతిలోని కటింగ్ ఓసారి చూడండి. మొదటి పేరాలో ప్రతి లైను మీదా పెన్సిల్‌తో తెలుగు అర్థాలు. రెండో పేరాలో అక్కడక్కడా. మూడో పేరా నుంచి కాగితం శుభ్రం. అర్థమైపోయి కాదు, ఓపిక అయిపోయి.

దీన్ని బద్ధకం అనలేం, లెక్కే అలా ఉంది. డిక్షనరీ లేకుండా చదువు సాఫీగా సాగాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్, ఆయనతో పనిచేసినవాళ్లు తేల్చారు. ఆ లెక్కన పేపర్లు, నవలలు చదవడానికి ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు రావాలని 2006లో ఆయన అంచనా కట్టారు. ఒక మాట, దాని రూపాలు అన్నీ కలిపి ఒక కుటుంబం. నూటికి 90 మాటలు వచ్చినవాడికి కూడా ఆరు వందల మాటల ఎడిటోరియల్‌లో అరవై తెలియనివే. అరవైసార్లు మీనింగ్ కోసం ఫోన్ తీసి, మధ్యలో వాట్సాప్ చూడకుండా వెనక్కి వచ్చేవాడెవడు?

తేలిక పుస్తకాల్లో ఈ లెక్క ముందే చూసుకుని రాస్తారు. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ సిరీస్‌లో ఒకటో స్థాయి పుస్తకాలకు 400 ముఖ్య పదాలు, ఆరో స్థాయికి 2500. ఇదేమీ మనకు సంబంధం లేని పద్ధతి కాదు. 1920ల్లో ఢాకాలో టీచర్స్ ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు మాట్లాడటం కంటే ముందు చదవడం రావాలని వాదించి, పదాలు కొలుచుకుని రీడర్లు తయారుచేశాడు.

అసలు చిక్కు సిగ్గు దగ్గర వస్తుంది. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే బస్సులో, పక్కన క్లాస్‌మేట్ ఉండగా, బొమ్మలున్న పల్చటి పుస్తకం తీయడానికి డిగ్రీ కుర్రాడికి మొహమాటం. ఎడిటోరియల్ పేజీ పట్టుకుంటే ఉన్న దర్జా దానికి లేదు. ఫోన్‌లో చదివితే ఈ గొడవ కొంత తీరుతుంది. ఇంగ్లీష్ చందమామ పాత సంచికలు కూడా మంచి దారే. నాగిరెడ్డి, మన తెనాలి చక్రపాణి 1947లో తెలుగులో మొదలుపెట్టిన పత్రిక 1955 నుంచి ఇంగ్లీష్‌లోనూ వచ్చింది. బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడని ముందే తెలుసు కాబట్టి, బుర్రంతా భాష మీద పెట్టొచ్చు.

నా మొగ్గు ఇటు పడటానికి పెద్ద కారణం వేరే ఉంది. జపాన్‌లో జుంకో యమషిత అనే పరిశోధకురాలు అక్కడి యూనివర్సిటీ విద్యార్థులకు చదవడం మీద ఉన్న భావాలను పరిశీలించి 2004లో ఒక వ్యాసం రాశారు. 'చదివితే నాకు మంచిది' అన్న నమ్మకం ఒక్కటే వాళ్లచేత ఎక్కువ చదివించలేదు. చదువుతుంటే హాయిగా ఉండటం, 'నేను చదవగలను' అనుకోవడం పనిచేశాయి. మన పిల్లల దగ్గర 'మంచిది' అన్న నమ్మకం దండిగానే ఉంది, ఉద్యోగం పేరు చెప్పి చిన్నప్పటి నుంచీ నూరిపోశాం. లేనిది 'నేను చదవగలను' అన్న ధీమానే. రోజూ మూడో పేరాలో ఓడిపోయేవాడికి అది ఎక్కడి నుంచి వస్తుంది? నలభై పేజీల పుస్తకమైనా చివరిదాకా చదివినవాడు ఇంకోటి అడుగుతాడు.

పుస్తకం ఎంచుకోవడానికి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గరే పరీక్ష పెట్టుకోవచ్చు. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి నిలబడే చదవండి. పేజీకి తెలియని మాటలు నాలుగైదు ఉంటే బేరమాడండి. పది దాటితే, ఎంత చవకైనా అక్కడే పెట్టేయండి. అట్ట మీద పెద్ద రచయిత పేరుందని కొన్నవి చాలా ఇళ్లలో అటక మీదున్నాయి.

పేపరే కావాలనేవాళ్లు ఎడిటోరియల్ వదిలి విజయవాడ ఎడిషన్‌లో లోకల్ వార్తలతో మొదలుపెట్టడం నయం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలో సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు, ఆ వార్త ఇక్కడివాళ్లకు తెలుగులో కంఠతా వచ్చు. అదే ఇంగ్లీష్‌లో చదివితే సగం మాటలు వాటంతటవే అర్థమవుతాయి. మిర్చి యార్డు ధరలైనా అంతే.

రెండు మూడు నెలల్లో పరీక్ష ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఎడిటోరియల్ తప్పదు, రోజుకు ఒక్క పేరా చాలు, రాత్రి పడుకునేముందు కథ ఒకటి. ఫస్టియర్, సెకండియర్ వాళ్లకు ఆ తొందర లేదు. లోకల్ పేజీని ఫోన్ ముట్టకుండా చివరిదాకా చదవగలిగిన రోజున ఎడిటోరియల్ తెరిస్తే సరిపోతుంది.