కార్డోమా సదస్సు: విమానమెక్కాలా, గుంటూరులోనే చూడాలా?

కార్డోమా ఏడాదికి సుమారు 10 లక్షల మందిలో ఒకరికి వచ్చే ఎముక క్యాన్సర్. గుంటూరులో ఆర్థో పీజీ పూర్తయ్యేలోపు ఒక్క కేసూ కనబడకపోవచ్చు. అందుకే సదస్సులో వినాల్సిందే.

ఆన్‌లైన్‌లో అయితే సుఖం. సదస్సు బోస్టన్‌లో అనుకుంటే, వేసవిలో అక్కడ ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 6:30. డ్యూటీ దిగి, అరండల్‌పేటలో టీ తాగొచ్చి లాప్‌టాప్ తెరవడమే. ఈ కణితి పెరగడానికి తోడ్పడే బ్రాకియురీ ప్రొటీన్‌ను అడ్డుకునే మందుల గురించి వినడానికి ఇది చాలు.

వెళ్తే వీసా టెన్షన్, టికెట్ ఖర్చు. (జెట్‌లాగ్ సరేసరి.) కానీ త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ఎముక)లోని కణితిని చిట్లనివ్వకుండా ఒకే ముద్దగా తీసిన సర్జన్‌ను ఆయన పరిశోధన పోస్టర్ దగ్గర నిలబెట్టి, ‘ఏ నరాలు కాపాడారు, ఏవి వదులుకున్నారు?’ అని అడగొచ్చు. అరుదైన జబ్బు కాబట్టి కణజాల నమూనాలకూ కరువే. వాటిని పంచుకునే మాటలు కాఫీ విరామంలోనే కలుస్తాయి.

నన్నడిగితే, మీ పోస్టర్ ఎంపికైతేనే వెళ్లండి. ట్రావెల్ గ్రాంట్ ఉందేమో ముందే కనుక్కోండి.