జెయింట్ వీల్ ఎక్కనివారికి రామోజీ ఫిల్మ్ సిటీ

థీమ్ పార్కు పేరు చెబితేనే ముఖం తిప్పుకొనే భర్తనో భార్యనో వెంటబెట్టుకొని, పిల్లల సెలవులు కూడా పాడవకుండా చూసుకోవాలనుకొనే ఒంగోలు, నెల్లూరు వైపు కుటుంబాలకు నేను నిస్సంకోచంగా సూచించే చోటు హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ. కేవలం రైడ్ల కోసమే వెళ్లేవారికి అంతకంటె తగిన పార్కులు వేరే ఉన్నాయి. ఒక్క రైడూ ఎక్కని మనిషికి సైతం రోజంతా చూడడానికి, ఆరా తీయడానికి, వాదించడానికి సరిపడా సరుకు ఉన్న చోటు మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే.

మా వారు చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో ఉన్నారు. వారమంతా క్వారీల దుమ్ములో, లారీల మధ్య తిరిగే మనిషికి సెలవంటే ఇంట్లో ఫ్యాను కింద నిద్ర. పార్కు అనగానే ఆయన అభ్యంతరాలు వరుసగా వచ్చేస్తాయి: ఎండ, క్యూలు, ఖర్చు, వేళకు దొరకని భోజనం, కళ్లు తిరగడం. ఇటువంటివాటిని సాకులని కొట్టిపారేయడం మన ఇళ్లలో అలవాటు. నిదానంగా చూస్తే వాటిలో చాలామటుకు నిజమైన ఇబ్బందులే. మిగిలినదాని వెనుక ఉన్నది, ఇతరుల సరదాకు రోజంతా కాపలా కాసే పని తన మెడకు చుట్టుకుంటుందన్న భయం. చెన్నై వైపు ఒక వాటర్ పార్కులో ఆయనకు సరిగ్గా అదే జరిగింది. లాకర్లు ఖాళీ లేవని చెప్పడంతో, అందరి తువ్వాళ్లూ సెల్‌ఫోన్లూ ఒడిలో పెట్టుకొని సాయంత్రం దాకా సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఆ తరువాత ఆయనను ఒప్పించడానికి బతిమాలడం పనికిరాదని నాకు అర్థమైంది. ఎవరి సంచి వారే మోయాలని, ఆయన ఒకసారి వద్దన్న రైడు ఎక్కమని పిల్లలు మళ్లీ అడగకూడదని, మధ్యాహ్న భోజనం ఆలస్యం కాకూడదని బయలుదేరేముందే ఇంట్లో మాట తీసుకున్నాను. ఈ మూడు మాటలకే ఆయన తలూపారు.

ఒంగోలు నుంచి కారులో వెళ్లేవారికి ఫిల్మ్ సిటీతో ఒక పెద్ద సౌకర్యం ఉంది. అద్దంకి మీదుగా పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ దాటి నార్కెట్‌పల్లి దగ్గర విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి ఎక్కితే, హైదరాబాద్ నగరంలోకి ప్రవేశించకముందే దారిలో ఫిల్మ్ సిటీ వచ్చేస్తుంది. నగరం ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా, నడుపుతున్న మనిషికి విసుగు పుట్టకుండా చేరుకోవచ్చు. కారు నడిపేది సాధారణంగా ఆ ఇష్టం లేని మనిషే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

1996లో మొదలైన ఈ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోకెల్లా అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డులకెక్కింది. విస్తీర్ణం 1,600 ఎకరాలకు పైమాటే కనుక నడిచి తిరగడం అయ్యే పని కాదు. లోపల పాతకాలపు నమూనాలో చేసిన ఎర్ర బస్సుల్లో గైడు వెంట తిప్పుతారు. రైడ్లకు భయపడేవారికి, ఎండలో నడవలేనివారికి ఈ స్టూడియో టూరే అసలైన ఆకర్షణ అని నా అభిప్రాయం. విదేశీ వీధులు, రైల్వే స్టేషను, జైలు, తోటలు, ఒక్కో వైపు నుంచి ఒక్కో భవనంలా కనిపించేలా కట్టిన ముఖభాగాలు వరుసగా ఎదురవుతాయి. పిల్లలు వాటిని సినిమాల్లో ఎక్కడ చూశారో పోల్చుకుంటూ కేకలు వేస్తుంటే, మా వారు మొదట కిటికీ పక్కన మౌనంగా కూర్చున్నారు.

ఆయన మౌనం వీడింది బాహుబలి సెట్ దగ్గర. ఆ కోట గోడలు, స్తంభాలు, శిల్పాలు దూరం నుంచి చూస్తే కొండను తొలిచి తెచ్చిన రాయిలాగే ఉంటాయి. మా అబ్బాయి "నాన్నా, ఇది నిజం రాయేనా?" అని అడగడమే ఆలస్యం, ఆయన ముందుకు వెళ్లి, చేయి తగిలే చోట వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూశారు. రాతి పలక గట్టిగా, కణకణమని పలుకుతుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తోనో ఫైబర్‌తోనో పోతపోసి, లోపల కర్ర చట్రం పెట్టి నిలబెట్టినది డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పిల్లలిద్దరి చేతా విని చెప్పించారు. నిజమైన రాయి పొద్దుటి పూట అరచేతికి చల్లగా తగులుతుందని, మూసలో పోసినదానికి ఆ చల్లదనం రాదని చూపించారు. ఆ తరువాత లెక్క మొదలుపెట్టారు. చీమకుర్తి గెలాక్సీ రాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది కాబట్టి, మీటరు మందం, ఆరు మీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి స్తంభం నిజంగా రాతిదే అయితే 14 టన్నులు ఉంటుందని, దాన్ని నిలబెట్టడానికి క్రేను కావాలని, ఈ బొమ్మ స్తంభాన్నయితే నలుగురు మనుషులు ఎత్తుకుపోగలరని పిల్లలకు వివరించారు. (మనం గెలాక్సీ గ్రానైట్ అని అమ్ముకొనేది భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైటే కాదని, గాబ్రో జాతి రాయి అని, అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజమని పెళ్లయిన ఇన్నేళ్లకు నాకు అక్కడే తెలిసింది.) రంగుతో రాతి చారలు దిద్దిన పనివాళ్ల నైపుణ్యాన్ని ఆయన మెచ్చుకున్నంతగా, మా పాలిష్ ఫ్యాక్టరీలో పనిని ఎన్నడూ మెచ్చుకోలేదు.

ఇది మా ఇంటి కథ. మీ ఇంట్లో మనిషి వడ్రంగి పని తెలిసినవారైతే చట్రాలు చూస్తారు, మొక్కల మీద ప్రేమ ఉన్నవారైతే జపనీస్ తోట, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు దగ్గర ఆగిపోతారు. విషయం ఏదైనా, ఆ మనిషికి తెలిసిన పనికీ ఆ చోటుకూ ఎక్కడ ముడిపడుతుందో ముందే ఆలోచించి, ఆ భాగాన్ని ఉదయం పూటే పెట్టుకోండి. మధ్యాహ్నానికి ఒళ్లు అలసిన తరువాత ఎంతటి అద్భుతం చూపించినా పెద్ద ఫలితం ఉండదు.

సినిమా ఎలా తీస్తారో ప్రేక్షకుల ఎదుటే చేసి చూపించే మూవీ మ్యాజిక్ ప్రదర్శన కూడా ఇదే కారణంతో పెద్దవారికి నచ్చుతుంది. ప్రేక్షకుల్లోంచే కొందరిని పిలిచి కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టి నటింపజేయడం, తరువాత చిన్న చిన్న వస్తువులతో గిట్టల చప్పుడు, గాలి హోరు పుట్టించడం, చివరికి అన్నిటినీ కలిపి తెర మీద చూపించడం జరుగుతుంది. కౌబాయ్‌ల పోరాట ప్రదర్శన పిల్లలకు బాగా నచ్చుతుంది. పేలుళ్ల శబ్దాలకు ఉలిక్కిపడే పసివాళ్లు ఉంటే వెనుక వరుసల్లో కూర్చోవడం మేలు.

ఇక రైడ్ల సంగతి. కళ్లు తిరిగే మనిషిని "ఒక్కసారి ఎక్కితే అదే పోతుంది" అని బలవంతం చేయడం అన్యాయం. లోపలి చెవి పసిగట్టే కదలికకూ, కళ్లకు కనిపించేదానికీ పొంతన కుదరనప్పుడు కడుపులో తిప్పుతుంది. అది పిరికితనం కాదు. కూర్చున్న చోటు పెద్దగా కదలకుండా తెర మీద దృశ్యం మాత్రమే పరుగెత్తే ప్రదర్శనలు కొందరికి రోలర్ కోస్టర్ కంటె ఎక్కువ ఇబ్బంది పెడతాయి కనుక, "ఇదేముంది, ఉత్త సినిమాయే కదా" అని కూర్చోబెట్టకండి. మెల్లగా సాగే బొమ్మల లోకం వంటి ఫిల్మీ దునియా అందరూ కలిసి వెళ్లడానికి బాగుంటుంది. మిగిలినవాటికి నేను పిల్లలతో వెళ్లాను. ఆ గంటసేపు ఆయన నీడలో టీ తాగుతూ, ఎవరితోనో ఫోనులో లారీ లోడింగ్ గురించి మాట్లాడుకున్నారు. దాన్ని నేను తప్పు పట్టలేదు. సరదాలో విరామం కూడా ఒక భాగమే అని ఒప్పుకున్న ఇంట్లో తగాదాలు తగ్గుతాయి.

హైదరాబాద్‌లోనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, రావిర్యాలలో 2016 నుంచి నడుస్తున్న వండర్‌లాతో పోలిక సహజంగానే వస్తుంది. ఉన్నత పాఠశాల వయసు పిల్లలు, రైడ్లంటే ప్రాణమిచ్చే తల్లిదండ్రులు ఉన్న కుటుంబానికి వండర్‌లాయే సరైనది. వెనక్కి కూడా పరుగెత్తే రీకాయిల్ వంటి రోలర్ కోస్టర్ ఫిల్మ్ సిటీలో దొరకదు. వండర్‌లాలో నీటి రైడ్లకు నైలాన్ వంటి ఈత దుస్తులు వేసుకోవాలి, పెద్ద రైడ్లకు ఎత్తు పరిమితి ఉంటుంది. కాటన్ చీరతోనో పంచెతోనో ఒడ్డున నిలబడిపోయే మనిషికి అక్కడ చేయడానికి తక్కువ ఉంటుంది కనుక, ఇష్టం లేని భాగస్వామిని మొదటిసారి తీసుకువెళ్లేది అక్కడికి కాకూడదని నా సలహా.

ఫిల్మ్ సిటీకి డిసెంబరు, జనవరి నెలలు వాతావరణపరంగా హాయిగా ఉంటాయి, కానీ సంక్రాంతి సెలవుల్లో జనం ఎక్కువ. బడి సెలవులతో కలిసివచ్చే మామూలు వారపు రోజు దొరికితే అదే ఉత్తమం. వేసవిలో వెళ్లక తప్పనివారు ఉదయం 9 గంటలకు తలుపులు తెరిచే వేళకే అక్కడుండి, మిట్టమధ్యాహ్నం కప్పు కింద జరిగే ప్రదర్శనలకు కేటాయించుకోవాలి. బడ్జెట్ అనుమతిస్తే లోపలి హోటళ్లలో ఒక రాత్రి బస చేయండి; సితార ఖరీదైనది, తార మధ్యస్థం, శాంతినికేతన్ పొదుపుగా ఉంటుంది. రోజంతా తిరిగిన మనిషి చేతికి ఆ సాయంత్రమే మళ్లీ స్టీరింగ్ ఇచ్చి 300 కిలోమీటర్లు నడపమంటే, పగలంతా మీరు సంపాదించిన మంచితనం చౌటుప్పల్ దాటకముందే కరిగిపోతుంది. కారు వద్దనుకుంటే రాత్రి సికింద్రాబాద్‌లో బయలుదేరే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒంగోలు, కావలి, నెల్లూరు వారందరికీ అది అనుకూలమే. బెర్తులు మాత్రం ముందుగానే రిజర్వు చేయించుకోవాలి, ఆ మనిషికి లోయర్ బెర్త్ వచ్చేలా చూడాలి.