జర్నల్ టెంప్లేట్లను మార్చి వాడటం: ఎల్స్‌ఆర్టికల్, ఐఈఈఈట్రాన్‌లపై దీర్ఘకాల వాడుక తర్వాత సమీక్ష

పరిశోధన పత్రాన్ని ఒక జర్నల్ కోసం సిద్ధం చేసి, అక్కడ కుదరక మరో జర్నల్‌కు పంపవలసి వచ్చినప్పుడు అందులోని విషయం అలాగే ఉంటుంది కానీ రూపం మాత్రం మొదటి పేజీలోని రచయితల పేర్ల నుంచి చివరి రిఫరెన్సు దాకా మారిపోతుంది. ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకుడిగా నా పత్రాలకూ, సహోద్యోగుల, పరిశోధక విద్యార్థుల పత్రాలకూ ఈ మార్పులు చేసే పని చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఆ పనిలో ఎక్కువగా వాడినవి రెండు లేటెక్ క్లాసులు (అక్షర కూర్పు సాఫ్ట్‌వేర్ అయిన లేటెక్‌లో పత్రం రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు): ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ జర్నళ్ల కోసం ఉన్న ఎల్స్‌ఆర్టికల్, ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ప్రచురణల కోసం ఉన్న ఐఈఈఈట్రాన్. ప్రచురణకర్త కోరిన తీరుకు వీటిని మలచుకోవడం ఎంత సులభం, ఎక్కడ మార్చవచ్చు, ఎక్కడ చేయి పెట్టకూడదు అన్నదే ఈ సమీక్షలో నేను పరిశీలించిన విషయం.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. క్లాస్ ఫైలును తెరిచి దిద్దకూడదు. రాతప్రతిలో రూపానికి సంబంధించిన ఆజ్ఞలు ఉండకూడదు. ఈ రెంటికీ మధ్య సొంతంగా రాసుకున్న ఒక చిన్న స్టైల్ ఫైలు ఉండాలి, మార్పులన్నీ అందులోనే జరగాలి. లేటెక్ నిర్మాణమే ఇందుకు అనుకూలంగా ఉంది. 1994లో వచ్చిన లేటెక్ టూ-ఈ వెర్షన్ డాక్యుమెంట్ క్లాసులనూ ప్యాకేజీలనూ స్పష్టంగా వేరుచేసింది: పత్రం ఏ రకానిదో క్లాసు చెబుతుంది, ఏ క్లాసుతోనైనా కలిసి పనిచేయవలసిన సదుపాయాలను ప్యాకేజీ అందిస్తుంది. ఆ విభజనను గౌరవించినవారికి జర్నల్ మారినప్పుడు పని ఒక పూటలో ముగుస్తుంది. గౌరవించని రాతప్రతిని సరిచేయడానికి ఎంత సమయం పడుతుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు.

ఎల్స్‌ఆర్టికల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మార్చుకోవడానికి నాకు అన్నిటికంటే అనువుగా కనిపించిన క్లాసు ఇదే. దీని వెనుక ఉన్నది తిరువనంతపురం కేంద్రంగా పనిచేసే లేటెక్ నిపుణుల బృందం కావడం మన దేశంలో అక్షర కూర్పు చేసేవారందరూ గర్వించదగిన విషయం. అంతకుముందు వాడుకలో ఉన్న ఎల్సార్ట్ అనే పాత క్లాసు ఇతర ప్యాకేజీలతో తరచూ ఘర్షణ పడేది. ఆ ఇబ్బందిని తొలగించడానికి కొత్త క్లాసును లేటెక్ మూల క్లాసైన ఆర్టికల్ మీద నిర్మించారు. అందువల్ల మామూలు పత్రంతో పనిచేసే ప్యాకేజీల్లో చాలా భాగం దీనితోనూ నిశ్చింతగా పనిచేస్తాయి. రివ్యూ అనే ఐచ్ఛికం ఇస్తే వరుసల మధ్య ఎడం పెరుగుతుంది. 1పి, 3పి, 5పి అనే ఐచ్ఛికాలు అచ్చయ్యే జర్నళ్ల పేజీ నమూనాలకు దగ్గరగా చూపుతాయి. సమీకరణాలు ఎక్కువగా ఉన్న పత్రం 5పి నమూనాలోని రెండు నిలువు వరుసల్లో ఎలా ఒదుగుతుందో పంపడానికి ముందే చూసుకోగలగడం పెద్ద సౌకర్యం.

రిఫరెన్సుల కోసం ఈ క్లాసు నాట్‌బిబ్ ప్యాకేజీని తానే పిలుచుకుంటుంది. ఇది తెలియక రాతప్రతిలో మళ్లీ నాట్‌బిబ్‌ను వేరే ఐచ్ఛికాలతో పిలిస్తే ఐచ్ఛికాలు ఢీకొన్నాయన్న దోషసందేశం వచ్చి పని ఆగిపోతుంది. దీనికి పరిష్కారంగా బిబ్ఆప్షన్స్ అనే ఆజ్ఞను క్లాసులోనే ఇచ్చారు. అంకెల పద్ధతి కావాలన్నా, రచయిత పేరు–సంవత్సరం పద్ధతి కావాలన్నా ఒక్క మాట మార్చితే చాలు. అయితే వరుస సంఖ్యలు దీనంతట ఇది వేయదు. రివ్యూయర్ల సౌకర్యం కోసం వాటిని అడిగే జర్నళ్లకు లైన్‌నో ప్యాకేజీని జోడించుకోవాలి. ఆ ప్యాకేజీ పాత వెర్షన్లలో కొన్ని గణిత పరిసరాలకు (సమీకరణాలు రాసే ప్రత్యేక భాగాలకు) ముందున్న పేరాకు సంఖ్యలు పడవు కాబట్టి పీడీఎఫ్‌ను ఒకసారి చివరిదాకా తిరగేసి చూడటం మంచిది. మొదటి పేజీ అడుగున వచ్చే, పత్రాన్ని ఎల్సెవియర్‌కు సమర్పించినట్టు తెలిపే వరుసలో జర్నల్ పేరు రావాలంటే జర్నల్ అనే ఆజ్ఞ ఉంది. ఇలాంటి ప్రతి అవసరానికీ బయట నుంచే మార్చుకోగల మార్గం ఉండటం వల్లనే దీన్ని మెచ్చుకుంటున్నాను.

ఐఈఈఈట్రాన్ స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. అది తనకు తానే సంపూర్ణమైన క్లాసు. పేజీ అంచులు, నిలువు వరుసల వెడల్పు, శీర్షికల తీరు, పట్టికల పైన వచ్చే వివరణ అన్నీ అందులో నిర్ణయమై ఉంటాయి, వాటిని మార్చవద్దని దాని మార్గదర్శిని స్పష్టంగా హెచ్చరిస్తుంది. జాగా చాలలేదని జామెట్రీ ప్యాకేజీతో అంచులు తగ్గించే అలవాటు విద్యార్థుల్లో విస్తారంగా ఉంది; ఇది నియమాన్ని ఉల్లంఘించడమే, పేజీల పరిమితిని దాటిన విషయాన్ని దాచడం కూడా అవుతుంది. క్యాప్షన్ ప్యాకేజీది మరో చిక్కు. దాన్ని పిలిచిన వెంటనే బొమ్మల కింది వివరణల రూపం ఐఈఈఈ పద్ధతిని వదిలి ఆ ప్యాకేజీ పద్ధతిలోకి మారిపోతుంది. ఉపచిత్రాల కోసం సబ్‌ఫిగ్ ప్యాకేజీ వాడదలచినవారు క్యాప్షన్‌ను నిలిపివేసే ఐచ్ఛికంతోనే దాన్ని పిలవాలని మార్గదర్శిని చెబుతుంది. ఈ ఒక్క వాక్యం చదవకుండా పత్రం పంపేవారు ఎందరో ఉన్నారు.

అలాగని ఈ క్లాసు కఠినమైనదన్న భావన కలిగించడం నా ఉద్దేశం కాదు. చివరి పేజీలో రెండు నిలువు వరుసలూ సమానంగా రావాలంటే ఏ రిఫరెన్సు దగ్గర విరవాలో చెప్పే ఆజ్ఞ ఇందులో ఉంది. పొడవైన సమీకరణాల కోసం ప్రత్యేక పరిసరం ఉంది. జర్నల్, కాన్ఫరెన్స్, పీర్‌రివ్యూ అన్న ఐచ్ఛికాల మధ్య ఒక్క మాటతో మారవచ్చు. ఏమీ మార్చకుండా వాడినప్పుడు దీని కూర్పు ఎల్స్‌ఆర్టికల్ కంటే అందంగా వస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

ఒక క్లాసు నుంచి మరొక క్లాసుకు పత్రాన్ని మార్చేటప్పుడు మొదట ఎదురయ్యేది తొలి పేజీ. ఎల్స్‌ఆర్టికల్‌లో శీర్షిక, రచయితలు, సారాంశం, కీలక పదాలు అన్నీ ఫ్రంట్‌మ్యాటర్ అనే పరిసరం లోపల ఉండాలి. ఐఈఈఈట్రాన్‌లో శీర్షికను వేసే ఆజ్ఞ తర్వాత సారాంశం వస్తుంది. కంప్యూటింగ్ రంగ సంస్థ ఏసీఎం వాడే ఏసీఎంఆర్ట్ క్లాసులో అదే సారాంశం ఆ ఆజ్ఞకు ముందు రావాలి. అందుకే సారాంశాన్నీ, పత్రం ప్రధాన భాగాన్నీ వేర్వేరు ఫైళ్లలో ఉంచి, ప్రతి జర్నల్‌కూ చట్రంలాంటి ఒక చిన్న ప్రధాన ఫైలు రాసుకుని, దానిలోకి ఈ ఫైళ్లను పిలిచే పద్ధతిని అనుసరిస్తున్నాను. అంకెలను చేత్తో రాయకపోవడం కూడా అంతే ముఖ్యం. ఎల్స్‌ఆర్టికల్‌లో 4 అని వచ్చే పట్టిక సంఖ్య ఐఈఈఈట్రాన్‌లో రోమన్ అంకెల్లో వస్తుంది. వాక్యంలో "పట్టిక 4" అని నేరుగా టైపు చేసినవారు ప్రతి చోటా వెతికి దిద్దుకోవాలి, పట్టికకు పెట్టిన లేబుల్ ద్వారా సూచించినవారు ఏమీ చేయనవసరం లేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టేది రిఫరెన్సుల జాబితా, ఎక్కువ అశ్రద్ధకు గురయ్యేదీ అదే. ఆ జాబితాను తయారుచేసే బిబ్‌టెక్ సాధనం వాడే రిఫరెన్సు స్టైల్ ఫైళ్ల భాష మామూలు ప్రోగ్రామింగ్‌కు అలవాటైనవారికి కూడా కొత్తగా తోస్తుంది, ఎందుకంటే అందులో విలువలు ముందు వస్తాయి, చేయవలసిన పని తర్వాత వస్తుంది. దాన్ని నేరుగా దిద్దడం కంటే ప్యాట్రిక్ డేలీ రూపొందించిన మేక్‌బీఎస్‌టీ సాధనాన్ని ఆశ్రయించడం మేలు. అది వరుసగా ప్రశ్నలు అడిగి, మనం ఇచ్చిన సమాధానాల ప్రకారం కొత్త స్టైల్ ఫైలును తయారుచేసి ఇస్తుంది. జర్నళ్ల పేర్ల విషయంలో ఐఈఈఈట్రాన్ వారి ఏర్పాటు ఆదర్శప్రాయమైనది. పూర్తి పేర్లకు ఒక ఫైలు, సంక్షిప్త నామాలకు ఒక ఫైలు విడివిడిగా ఇచ్చారు. రిఫరెన్సులో గుర్తుపదం మాత్రమే రాసి ఉంచితే, ప్రచురణకర్త ఏది అడిగితే ఆ ఫైలును జతచేయవచ్చు. ఇదే పద్ధతిని ఇతర ప్రచురణకర్తల జర్నళ్లకు కూడా సొంతంగా విస్తరించుకుని వాడుతున్నాను.

మన పేర్ల గురించి ఇక్కడ తప్పక చెప్పాలి. తెలుగువారిలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే మిగులుతుంది. బిబ్‌టెక్ మాత్రం కామా లేకుండా రాసిన పేరులో చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటుంది. కె. శ్రీనివాసరావు అన్న పేరును శ్రీనివాస, రావు అని రెండు మాటలుగా విడదీసి రాస్తే జాబితాలో ఆయన "కె. ఎస్. రావు"గా మారిపోతాడు, ఒకే కళాశాలలో అలాంటివారు పలువురు ఉన్నప్పుడు ఎవరి కృషి ఎవరిదో తెలియని స్థితి ఏర్పడుతుంది. పేరుకు ఏ భాగం ప్రధానమో నిర్ణయించుకుని, దాన్ని ముందు రాసి, కామా పెట్టి, మిగిలిన భాగాన్ని తర్వాత రాస్తే ఈ గందరగోళం తొలగుతుంది. స్ప్రింగర్ నేచర్ వారి కొత్త క్లాసులో రచయిత పేరు రాసే చోట ఇచ్చిన పేరుకూ, ఇంటిపేరుకూ వేర్వేరు ఆజ్ఞలు ఉన్నాయి. మన విద్యార్థులు ఆ గడులను ఆలోచించకుండా నింపేస్తారు. తొలి పత్రంలో ఏ రూపంలో పేరు అచ్చయితే తర్వాతి ఉదహరింపులన్నీ ఆ రూపంలోనే పోగవుతాయి కాబట్టి, మార్గదర్శకులు ఈ ఒక్క విషయాన్ని దగ్గర కూర్చుని చెప్పాలని నా విన్నపం.

బొమ్మల విషయం కొంత సులభం. ఐఈఈఈ జర్నళ్లలో ఒక నిలువు వరుస వెడల్పు 3.5 అంగుళాలు, ఎల్సెవియర్ మార్గదర్శకాల్లో ఒక వరుస బొమ్మకు 90 మిల్లీమీటర్లు, రెండు వరుసల బొమ్మకు 190 మిల్లీమీటర్లు. ఈ రెండు సంస్థల ఒక వరుస కొలతలు దాదాపు సమానం కాబట్టి, ఆ వెడల్పులోనే గ్రాఫును గీసుకుంటే రెండు చోట్లా అక్షరాలు సరైన పరిమాణంలో ఉంటాయి. పెద్దగా గీసి లేటెక్‌లో కుదిస్తే అక్షాల మీది అంకెలు చదవడానికి వీలుకానంత చిన్నవవుతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీసేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి: అది పీడీఎఫ్‌లో అక్షరాలను సహజంగా టైప్ 3 ఫాంటుగా పొదుగుతుంది, కొన్ని ప్రచురణకర్తల తనిఖీ వ్యవస్థలు దాన్ని తిరస్కరిస్తాయి. ఫాంట్‌టైప్ విలువను 42గా మార్చడంతో ఆ సమస్య తీరుతుంది. పంపే ముందు పీడీఎఫ్‌ఫాంట్స్ అనే చిన్న సాధనంతో ఫాంట్ల జాబితా చూసుకోవడం నాకు అలవాటుగా మారింది.

ఏసీఎంఆర్ట్‌ను తక్కువగా వాడాను. ఒకే క్లాసులో జర్నళ్లకూ, సమావేశాలకూ వేర్వేరు నమూనాలు ఇమిడి ఉన్నాయి. రచయితల పేర్లు దాచే ఐచ్ఛికం, వరుస సంఖ్యలు వేసే ఐచ్ఛికం అందులోనే ఉన్నాయి. మంచి క్లాసే కానీ, మార్చడానికి అవకాశం తక్కువ.

క్లాస్ ఫైలును దిద్దకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి కారణాలు వివరించాలి. ఎల్స్‌ఆర్టికల్, ఐఈఈఈట్రాన్ రెండూ లేటెక్ ప్రాజెక్టు ప్రజా లైసెన్సు కింద వచ్చాయి. మార్చి పంచుకునేవారు అది మార్చినదని అందరికీ తెలిసేలా చెప్పాలని ఆ లైసెన్సు కోరుతుంది. అదే పేరుతో దిద్దిన ఫైలును సహరచయితలకు పంపితే ఎవరి దగ్గర ఏ రూపం ఉందో ఎవరికీ తెలియదు. అంతకంటే ముఖ్యమైన కారణం, సమర్పణ వ్యవస్థ తన దగ్గరున్న అసలు క్లాసుతో పత్రాన్ని కూర్చే అవకాశం ఉండటం. ఒక ప్రచురణకర్త వ్యవస్థలో సరిగ్గా ఇలాగే జరిగి, మా బృందంలో ఒకరు దిద్దిన క్లాసును అది పట్టించుకోకుండా అసలు క్లాసునే వాడటంతో పట్టికలన్నీ స్థానం తప్పి రివ్యూయర్ల చేతికి వెళ్లాయి. స్టైల్ ఫైలుకు వేరే పేరు ఉంటుంది కాబట్టి దానికి ఈ గతి పట్టదు. లేటెక్‌ను అందించే టెక్ లైవ్ సంకలనం ఏటా కొత్త వెర్షన్‌గా వస్తుంది కనుక, ఏ వెర్షన్‌తో కూర్చామో రాతప్రతి ఉన్న ఫోల్డరులోనే రాసి ఉంచడం కూడా అవసరం. ఆన్‌లైన్ లేటెక్ ఎడిటర్ ఓవర్‌లీఫ్‌లో పనిచేసేవారు ప్రాజెక్టు సెట్టింగులలో ఆ వెర్షన్‌ను ఎంచుకోవచ్చు.

అంగీకారం లభించిన తర్వాత పెద్ద ప్రచురణ సంస్థలు రచయిత పంపిన లేటెక్ ఫైలును సాధారణంగా ఎక్స్‌ఎంఎల్ (పత్రం భాగాలను గుర్తులతో సూచించే ఫైలు) రూపంలోకి మార్చి, తమ పద్ధతిలో మళ్లీ కూర్చుకుంటాయి. జర్నల్ వ్యాసాల కోసం 2012లో అమెరికా ప్రమాణాల సంస్థ నైసో ప్రమాణంగా వెలువడిన జాట్స్ అనే ఎక్స్‌ఎంఎల్ నమూనా ఇలాంటి పనికే ఉద్దేశించినది. మన దేశంలో చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురం నగరాల్లోని సంస్థల్లో ఈ కూర్పు పని పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆ మార్పిడిలో శీర్షిక, సమీకరణం, పట్టిక, ఉదహరింపు అన్న నిర్మాణం మాత్రమే మిగులుతుంది. రచయిత చేత్తో పెట్టిన ఖాళీలు, బలవంతపు పేజీ విరుపులు, అక్షరాల కుదింపులు అన్నీ పోతాయి. సొంతంగా నిర్వచించుకున్న ఆజ్ఞలు ఎక్కువగా ఉన్న పత్రాల ప్రూఫుల్లోనే నేను ఎక్కువ తప్పులు చూశాను. అందువల్ల తుది ఫైలు పంపేటప్పుడు సొంత ఆజ్ఞలను తీసేసి, వాటి స్థానంలో మూల ఆజ్ఞలనే రాసి పంపుతున్నాను. ఎల్సెవియర్ జర్నళ్లలో చాలావాటికి తొలి సమర్పణలో కచ్చితమైన రూపం పాటించవలసిన అవసరం కూడా లేదు కాబట్టి, ఆ దశలో టెంప్లేట్‌తో కుస్తీ పట్టడం కంటే రాతప్రతిని శుభ్రంగా ఉంచుకోవడమే ఉపయోగకరం.

భాషాశాస్త్రం, సాహిత్యం, భాషా సాంకేతికత రంగాల్లో పనిచేసేవారికి పత్రంలో తెలుగు ఉదాహరణలు అవసరమవుతాయి. లేటెక్‌ను నడిపే మామూలు ఇంజనైన పీడీఎఫ్‌లేటెక్‌తో నేటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు పనిచేయవు. జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ వాడాలి. ఎల్స్‌ఆర్టికల్ వీటితో ఏ అభ్యంతరమూ లేకుండా పనిచేస్తుంది. ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో ఫాంటును ప్రకటించేటప్పుడు లిపి తెలుగు అని తప్పక చెప్పాలి, లేకపోతే వత్తులు అక్షరం కింద చేరకుండా విడిపోవచ్చు. లువాలేటెక్ అయితే అక్షరాలను కలిపి చూపే హార్ఫ్‌బజ్ రెండరర్‌ను కూడా కోరాలి. ఆంగ్లానికి సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు, పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. అందుకని తెలుగు ఉదాహరణల కోసం స్టైల్ ఫైలులో ప్రత్యేక పరిసరం నిర్వచించి, ఎడం అక్కడ మాత్రమే పెంచుతాను. పీడీఎఫ్‌లేటెక్‌ను మాత్రమే అంగీకరించే జర్నళ్లకు ఉదాహరణలను విడిగా కూర్చి, పీడీఎఫ్ బొమ్మలుగా జతచేయడం తప్ప ఇప్పటికి నాకు మరో మార్గం కనిపించలేదు. అలాంటప్పుడు ప్రతి ఉదాహరణకూ రోమన్ లిప్యంతరీకరణను వాక్యంలోనే ఇస్తున్నాను, వెతికేవారికి బొమ్మలోని అక్షరాలు దొరకకపోయినా అది దొరుకుతుంది.