మాట్లాడే కార్డుల మెషీన్: చెప్పడమే గానీ వినదు

మా పాపకి రెండేళ్ల నాలుగు నెలలు. కార్డు దూరిస్తే దాని మీదున్న బొమ్మ పేరు పలికే చిన్న మెషీన్ కొని నెలన్నర అయింది. చార్జింగ్ బాగానే ఆగుతుంది. కార్డులు దళసరివి, పాప నమిలినా అంచులు చెదరలేదు. సౌండ్ మాత్రం ఎంత తగ్గించినా ఎక్కువే.

ఉచ్చారణ దగ్గరే ఒళ్లు మండింది. కళ్ల బొమ్మ పెడితే 'కల్లు' అంటుంది! పాప ఇప్పుడు నా ముఖం మీద వేలు పెట్టి 'అమ్మ కల్లు' అంటోంది. చిన్నపిల్లలకి 'ళ' ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది, సరే. మెషీన్‌కేం వచ్చింది?

డబ్బా మీద 'మాటలు త్వరగా వస్తాయి' అని రాశారు. ఇది నేర్పేది ఉత్త పేర్లు. భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే తన కొడుకు నైజెల్ మాటల్ని పసితనం నుంచీ రాసిపెట్టుకుని 1975లో పుస్తకంగా వేశాడు. ఏడాది నిండకముందే వాడు 'నా' లాంటి కూతతో 'అది నాకివ్వు' అనేవాడట. అడగడం, పక్కవాళ్లతో పని చేయించడం, పలకరించడం, ఇష్టాయిష్టాలు చెప్పడం, ఆరా తీయడం, ఊహించి ఆడటం, ఎదుటివాళ్లకి తెలియని సంగతి చెప్పడం... ఇలా మాటకి ఏడు పనులు లెక్కగట్టాడు. సంగతి చెప్పడం అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. 'ఇది పిల్లి' అనడం దగ్గరే ఆగిపోయే మెషీన్‌కి ఈ గొడవేం తెలుసు!

మొన్న పాప పిల్లి కార్డు తిరగేసి పెట్టింది. మెషీన్ పలకలేదు. "ఏయ్, చెప్పు" అంది. కాసేపు చూసి, వంగి, "అలిగావా?" అంది. తర్వాత నా వైపు తిరిగి గొంతు బాగా తగ్గించి, "పిల్లి బజ్జుంది. అరవకు." నేను కార్డు సరిచేయబోతే చెయ్యి తోసేసింది. ముందు ఆజ్ఞ, వెంటనే ఆరా, ఆ పైన కథ. మెషీన్ పలికి ఉంటే ఇందులో ఒక్కటీ వచ్చేది కాదు.

ఇప్పుడు ఆఫ్ చేసే చేతికిస్తున్నా. చెవికి ఆనించుకుని "ఆఁ... ఆఁ... వస్తా, వస్తా" అని ఫోన్ మాట్లాడుతోంది.

మెషీన్‌కి 5కి 2 స్టార్లు, కార్డులకి 4. విడిగా దొరికితే కార్డులే కొనుక్కోండి. అన్నట్టు, ఆన్ బటన్ చాలా గట్టిగా ఉంది, పాపకి నొక్కడం రాదు. మొదట్లో అదో లోపం అనుకున్నా.