దాదర్‌లో గది తీసుకునే ముందు ఈస్టో వెస్టో తేల్చుకోండి

ముంబైలో "స్టేషన్ పక్కనే, సముద్రానికి దగ్గర" అని ప్రకటించే లాడ్జీలను నమ్మకండి. సముద్రం పక్కనున్న శివాజీ పార్కు మైదానం దగ్గరవుతుందని దాదర్ వెస్ట్‌లో, అంటే స్టేషన్‌కు పడమటి వైపున, గదికి రోజుకు 2,800 రూపాయలు ముందే కట్టాం. తీరా వెళ్తే గది ఈస్ట్‌లో ఉంది! వెస్ట్‌లో దిగిన మేము రెండు రైలు మార్గాల మీదుగా ఉన్న పాదచారుల వంతెనపై పెట్టెలు మోసుకుంటూ వెళ్లాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పి. "రెండూ దాదరే కదా" అన్నాడు మేనేజరు. ఏసీకి మరో 400 వసూలు చేశాడు. రద్దు చేసుకుంటామంటే డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు. ఆ రాత్రి అత్తగారు భోజనం కూడా వద్దన్నారు.

రెండూ ఒకటి కానే కావు. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్ల తొలి రైలు నడిచింది. ఆ జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే) మార్గం తూర్పు వైపు సాగితే, మరో కంపెనీ పట్టాలు పడమటి తీరం వెంట వచ్చాయి. సన్నని నేల మీద ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ రెండు మార్గాలే దాదర్ లాంటి పేటలను ఈస్ట్, వెస్ట్‌గా విడదీశాయి. పత్తి రైళ్లలో వచ్చేది, రేవు దగ్గరే ఉండేది. అందుకే పరేల్, లాల్‌బాగ్ మిల్లుల పేటలయ్యాయి. తెలంగాణ పద్మశాలీలు ఎందరో ఆ మిల్లుల్లో పనిచేశారు.

మర్నాడు సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) నుంచి తూర్పున రేవు వైపు సాగే లోకల్ రైలు మార్గం, హార్బర్ లైన్‌లో సెవ్రీ వెళ్లాం. టికెట్టు 5 రూపాయలే. కిటికీలోంచి రేవు గోడలు, గోదాములే తప్ప సముద్రం కనిపించదు. ఇంత పొడవైన తూర్పు తీరం జనానికి దక్కకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. పడమటి వైపు మెరైన్ డ్రైవ్‌లో మాత్రం ఎవరైనా సాయంత్రమంతా కూర్చోవచ్చు. చర్నీ రోడ్ దగ్గర పట్టాలు ఒకప్పుడు నీటి అంచునే ఉండేవి. తర్వాత సముద్రాన్ని పూడ్చి ఆ రోడ్డు వేశారు. ఆ పడమటి మార్గానికి దక్షిణ కొసన ఉన్న కొలాబా స్టేషన్ 1930 చివరిలో మూతపడింది. ఇప్పుడు అక్కడ రైల్వే అధికారుల ఇళ్ల సముదాయం, బధ్వార్ పార్క్, ఉంది. చూడటానికి ఏమీ లేదు, టాక్సీ ఖర్చు దండగ.

మాటుంగా మాత్రం తప్పక వెళ్లండి. దాదర్ నుంచి సెంట్రల్ లైన్‌లో తర్వాతి స్టేషనే. ఈస్ట్ వైపు దిగాలి. అక్కడ స్థిరపడిన దక్షిణాది వాళ్ల హోటళ్లు వరసగా ఉన్నాయి. ఇడ్లీ, రసం వడ, ఫిల్టర్ కాఫీ ముగ్గురికీ కలిపి 540 రూపాయలయ్యాయి. అత్తగారు రెండో కాఫీ అడిగారు, నవ్వారు కూడా. ఈసారి అద్దె 500 ఎక్కువైనా ఆ పేటలోనే దిగుతాం, డబ్బు మాత్రం గది చూశాకే కడతాం.