వదలని నొప్పి, వదలని దురద

మలక్‌పేటలో మా వీధి మెడికల్ షాపు ముందు తరచూ వినబడే మాటలు రెండు: "అరికాళ్లు మంటలు, గోళీ ఇవ్వన్నా", "ఒళ్లంతా దురద, సెట్రిజిన్ ఇవ్వన్నా". మూడు నెలలు దాటిన నొప్పినీ, ఆరు వారాలు దాటిన దురదనూ దీర్ఘకాలికం అంటారు.

రెండూ ఎక్కువగా సన్నటి సి-ఫైబర్ నరాల మీదుగానే వెన్నుపాముకు చేరతాయి. తేడా ఆ తర్వాతే. నొప్పి చేతిని వెనక్కి లాగేస్తుంది, దురద చేతిని అక్కడికే రప్పిస్తుంది. గోకినప్పుడు పుట్టే చిన్న నొప్పి వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణుస్తుంది. ఈలోగా చర్మం చీరుకుని, వాపు పెరిగి, దురద మళ్లీ మొదలు! వెన్నులోకి ఇచ్చే మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తూనే కొందరికి దురద తెప్పిస్తుంది. వెన్నుపాములో దురద సంకేతాన్ని అందుకునే జీఆర్‌పీఆర్ అనే గ్రాహకం లేని ఎలుకలు తక్కువగా గోక్కున్నాయనీ, నొప్పికి మాత్రం మామూలుగానే స్పందించాయనీ 2007లో తేలింది.

నొప్పి ముదిరితే వెన్నుపాము నరకణాలు అతిగా స్పందిస్తాయి. గాయం మానినా దుప్పటి తగిలితే చాలు, ప్రాణం విలవిలలాడుతుంది. దురదలోనూ ఇలాంటిదే జరుగుతుంది. కిడ్నీ జబ్బు దురదలో హిస్టమిన్ (అలర్జీలో దురద పుట్టించే రసాయనం) పాత్ర తక్కువ, అందుకే దాన్ని అడ్డుకునే సెట్రిజిన్ పెద్దగా పనిచేయదు. నరాల ఉద్రేకాన్ని తగ్గించే గాబాపెంటిన్ అనే మందును నొప్పికీ దురదకూ రెండింటికీ వాడతారు, డాక్టర్ రాస్తేనే.

నొప్పికి దొరికే జాలి దురదకు దొరకదు, అది అన్యాయం. దద్దుర్లు లేకుండా వారాల తరబడి దురద ఉంటే లివర్, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు అడిగి చేయించుకోండి.